మూసిన గదిలో తిరిగిన కిలోమీటర్లు

ఎలక్ట్రిక్ కారు రేంజి గురించి ఎవరైనా గొప్పలు మొదలుపెడితే నాకు ఒళ్లు మండుతుంది. కరీంనగర్ షోరూంలో నాకు కారు అంటగట్టినవాడు అద్దం మీది స్టిక్కరు చూపించి, అది ప్రభుత్వ పరీక్షలో తేలిన అంకె అన్నాడు. ఒక్క చార్జింగుతో ఆదిలాబాద్ పోయినా ఇంకా మిగులుతుందట. దీని రేంజే వేరన్నాడు. మావైపు రేంజి అంటే హోదా. పక్కనున్న అవ్వ, అంటే మా అమ్మ, అలాగే అనుకుంది.

"గంత రేంజి మనకెందుకు బిడ్డా, దిష్టి తాకుతది" అంది. వాడు పళ్లన్నీ కనబడేలా నవ్వాడు.

మే నెలలో ఇచ్చోడలో పెద్దమ్మ పోయింది. అవ్వకు ఒక్కగానొక్క అక్క. పదకొండింటికి పెద్దమ్మ కొడుకు ఫోన్ చేశాడు.

"పొద్దు గూకకముందే పాడె లేపాలె తమ్మీ. చిన్నమ్మను జల్ది తోల్కరా."

అవ్వ బస్సుకు పోదామంది. బ్యాటరీ నిండుగా ఉంది, బస్సెందుకన్నాను.

జగిత్యాల దాటేసరికే తెర మీద మిగిలిన కిలోమీటర్ల అంకె మేం వచ్చిన దూరం కన్నా జోరుగా పడిపోవడం మొదలైంది. ఏసీ ఆపేశాను. వడగాలి కొడుతుంటే అవ్వ కొంగు తడిపి ముఖానికి కప్పుకుంది. నిర్మల్‌లో ఫోన్ చూపించిన చార్జింగు మిషను దగ్గరికి పోతే, దాని మీద గోనెసంచి కప్పి ఉంది. చెడిపోయి చాలా రోజులైందని పక్క టీకొట్టాయన చెప్పాడు. ఉన్నదాంతోనే ఘాటు రోడ్డు ఎక్కాం. సగంలో తెర మీద తాబేలు బొమ్మ వెలిగింది. కారు ఇక పాకడమే తప్ప పరుగెత్తదని దాని అర్థం. అంటే ఇలా అవుతుందని తయారుచేసినవాళ్లకు ముందే తెలుసు, బొమ్మ కూడా గీసి పెట్టుకున్నారు. కాసేపటికి ఆ పాకడం కూడా ఆగిపోయింది. అవ్వను దింపి ఆదిలాబాద్ బస్సులకు చెయ్యెత్తాను. మొదటిది ఆపలేదు. రెండోదానికి చాలాసేపు ఎండలో నిలబడ్డాం.

తర్వాత షోరూంకు పోయి కారు అమ్మినవాణ్ని నిలదీశాను. ఆ పరీక్ష రోడ్డు మీద చేయరట. మూసిన గదిలో చక్రాల కింద రోలర్లు పెట్టి, ఏసీ ఆపి తిప్పుతారట. వడగాలి ఉండదు, ఘాటు ఉండదు, చావుకు పోయే తొందర ఉండదు. పైగా నా డ్రైవింగు మార్చుకోమని సలహా ఇచ్చాడు. చెంప పగలగొట్టాలనిపించింది.

ఆ రోజు మేం చేరేసరికి ఇచ్చోడలో వీధి దీపాలు వెలిగాయి. మాకోసం ఆపగలిగినంతసేపు ఆపి, పొద్దు వాలుతుంటే లేపేశారు. పెద్దమ్మను పడుకోబెట్టిన చోటు కడిగారు, నేల ఇంకా ఆరలేదు. అవ్వ ఆ తడిలోనే కూలబడింది. పెద్దమ్మ కొడుకు వచ్చి చేతులు పట్టుకున్నా అతని వైపు చూడలేదు. నా వైపు తిరిగింది.

"బస్సుల వస్తే అక్క ఆఖరి సూపు దొర్కుతుండె బిడ్డా" అంది.