మార్కాపురంలో కారు స్టీరియో మార్పించిన రోజు

మా సెకండ్ హ్యాండ్ కారుతో వచ్చిన స్టీరియోలో సీడీ తప్ప ఇంకేదీ పలకదు. ఈ రోజుల్లో సీడీలెక్కడివి? అయితే నన్ను మార్కాపురానికి బయలుదేరదీసింది పాటల మోజు కాదు, మా నాయన మౌనం. ఇంట్లో వసపిట్టలా వాగే మనిషి కారెక్కితే ఉలకడు, పలకడు. గొర్రెలు అమ్మి కారు కొన్నానని కోపమేమో అనుకున్నాను. అడిగే ధైర్యం లేదు. తొమ్మిది నెలలుగా ఇదే వరస. పాటలైనా మోగితే ఆ ఇబ్బంది తగ్గుతుందని ఆశపడ్డాను.

గిద్దలూరు దగ్గరి మా ఊరి నుంచి ఇద్దరం ఉదయం ఏడింటికి బయలుదేరాం. కంభం, బేస్తవారిపేట మీదుగా నింపాదిగా వెళ్లినా రెండు గంటలు చాలు. కంభంలో ఉగ్గాని, బజ్జీలు తిన్నాం. "ఇంకో బజ్జి ఏసేదా పెదనాయనా?" అని హోటల్ ఆమె అడగడమే ఆలస్యం, నాయన వానల దగ్గర మొదలుపెట్టి కందుల ధర దాకా వచ్చాడు. కారెక్కగానే మళ్లీ మూగనోము. "ఎండ ముదిరింది కదా నాయనా" అన్నాను. కిటికీలోంచి చేలు చూస్తూ కూర్చున్నాడు. నాకు ఒళ్లు మండింది.

మార్కాపురంలో మెకానిక్ ఖాజా బ్లూటూత్ ఉన్న మామూలు రకం చూపించాడు. బిగింపుతో కలిపి ఆరు వేలు. "కంపెనీ వైర్లు కోసే పనే లేదన్నా, వైర్లు కలిపే కప్లర్ తగిలిస్తే సాలు" అన్నాడు. గంటన్నరలో పనైపోయింది. చివర్లో అతనికో పద్ధతి ఉంది. పాట చిన్నగా పెట్టి, ఒక్కో పక్క స్పీకరే మోగించి, సీట్లో ఉన్నవాళ్లు సరేనంటేనే డబ్బు తీసుకుంటాడు.

నాయన ఎప్పటిలా ముందు ఎడమ సీట్లో ఉన్నాడు. ఎడమ పక్క మోగింది. "బ్రహ్మాండం" అన్నాడు. ఖాజా కుడి పక్కకు మార్చాడు.

"ఏందబ్బాయ్, ఆపినావా?"

ఖాజా ప్యానెల్ విప్పి, వైర్లు చూసి, మళ్లీ బిగించాడు. నాయనది మళ్లీ అదే మాట. రెండోసారి విప్పబోయి ఆగాడు. డ్రైవర్ సీట్లోంచే గొంతు తగ్గించి "పెదనాయనా, టీ తాగుదామా?" అన్నాడు. నాయన రోడ్డునే చూస్తున్నాడు.

"స్పీకర్ బాగనే ఉందన్నా" అన్నాడు ఖాజా నాతో, మెల్లగా.

నేను ఎడమ కిటికీ దగ్గరికి వెళ్లి అడిగితే నాయన తేలిగ్గా చెప్పేశాడు. "కుడి చెవి మందగించి ఏడాదైంది లేరా. చెప్తే ఆసుపత్రికి పట్టుకపోతావని గమ్మునున్నా. బండి రోదలో నువ్వేమంటాండావో నాకేం తెలుస్తది?"

"మరి గొర్రెలు అమ్మినానని కోపం?"

"కోపమేంది! ఈ మోకాళ్లతో వాటెనక తిరిగేది తప్పింది గదరా."

ముందు నవ్వొచ్చింది, ఆ వెంటనే సిగ్గేసింది. తిరుగు ప్రయాణంలో ఎడమ చెవికి నా మాట అందేలా ఆయన్ను నా వెనక సీట్లో కూర్చోబెట్టి, అద్దాలు ఎత్తేశాను. ఇంక చూడండి, ఏ చేను ఎవరిదో, ఏ బావి ఎప్పుడు ఎండిందో, ఊరొచ్చేదాకా ఒకటే కబుర్లు. ఆరు వేల స్టీరియోలో ఒక్క పాట కూడా పెట్టలేదు. వచ్చే వారం చెవి డాక్టరు దగ్గరికి రావడానికీ ఒప్పుకున్నాడు, కంభంలో బజ్జీలకు ఆగాలన్న షరతు మీద.

మీరూ స్టీరియో మార్పిస్తుంటే ఒక్క మాట. డబ్బిచ్చే ముందు ప్రతి సీట్లో మనిషిని కూర్చోబెట్టి, రెండు పక్కలా విడివిడిగా మోగించి చూసుకోండి. ఎవరికైనా వినపడకపోతే వైర్లు విప్పే ముందు వాళ్లను అడగండి. అడగకుండా నేను తొమ్మిది నెలలు పోగొట్టుకున్నాను.