లక్ష గింజలయ్యేదాకా

తొర్రూరులో ఒక బడికి అటెండరుగా చేసే గట్టమ్మ చదువు ఐదో తరగతితోనే ఆగింది. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో బళ్లు నెలల తరబడి మూతపడితే ఆమె నాట్లకు కూలికి పోయింది. బళ్లు తెరిచాక ఇంట్లో ఎవరూ తిరిగి పంపలేదు. అయినా ఏది చూసినా, అదెందుకు అట్లా ఉందని అడగకుండా ఉండలేని మనిషి.

ఎనభై ఆరులో ఆ బడికి ఒక కంప్యూటర్ వచ్చింది. లెక్కల టీచర్ మనోరమ వరంగల్‌లో పది రోజులు శిక్షణకు వెళ్లొచ్చి, ఒక సాయంత్రం బడి వదిలాక దానితో కుస్తీ పడుతోంది. ఊడవడానికి వచ్చిన గట్టమ్మకు తెర మీద ఒకే పేరు వరసలు వరసలుగా పడుతూ పైకి పాకిపోవడం కనిపించింది. చీపురు గోడకానించి, ఇది ఎప్పుడు ఆగుతుందని అడిగింది. ఆగమని తాను చెప్పలేదు కాబట్టి ఆగదని చెప్పి, మనోరమ ఒక మీట నొక్కి ఆపింది. తర్వాత ‘ఫర్’ అనే మాట వాడి, పదిసార్లే రాయమంది. యంత్రం సరిగ్గా పదిసార్లు రాసి ఊరుకుంది.

గట్టమ్మకు అది చాలలేదు.

“పసుపు దంచేటప్పుడు ఇన్ని పోట్లని ముందుగాల్నే అనుకుంటమా టీచరమ్మా? మెత్తగయ్యేదాక దంచుతం. గట్ల చెప్తే దీనికి తెల్వదా?”

మనోరమ కంప్యూటర్‌తో పాటు వచ్చిన పుస్తకం ముందేసుకుంది. రెండు రోజులు తిరగేస్తే ‘రిపీట్’, ‘అంటిల్’ అనే జంట మాటలు దొరికాయి. అనుకున్నది అయ్యేదాకా చేస్తూనే ఉండమని వాటి అర్థం. గట్టమ్మను పిలిచి, ఒక్క గింజ రోజూ రెట్టింపైతే లక్ష దాటడానికి ఎన్నాళ్లు పడుతుందని అడిగింది. ఏడాదైనా పడుతుందని గట్టమ్మ అంది. యంత్రం పదిహేడు రోజులని చూపించింది. ఆమె నమ్మలేదు. సుద్దముక్క తీసుకుని నేల మీద రెట్టింపు చేసుకుంటూ పోయింది. పదహారో రోజుకు అరవై ఐదు వేల చిల్లర. పదిహేడుకు లక్ష దాటింది.

మర్నాడు తనే కుర్చీలో కూర్చుంది. గింజల లెక్కకు మనోరమ నోటుపుస్తకంలో రాసిన వరసల్లోని అక్షరాలను మీటల మీద పోల్చుకుంటూ ఒక్కొక్కటే కొట్టింది. తెర మీద ఒకటి, ఒకటి, ఒకటి అని పడుతూనే ఉంది. మనోరమ చెయ్యి చాపబోతే వద్దంది. మీట నొక్కి ఆపి, తాను కొట్టిన వరసలను మళ్లీ తెర మీదికి తెప్పించుకుని, నోటుపుస్తకంతో చాలాసేపు పోల్చి చూసింది.

“రెట్టింపు చెయ్యుమన్న మాటే రాయలే నేను. గింజ పెరగకపోతే లక్ష ఎన్నడైతది?”

ఆ ఒక్క వరస చేర్చాక లెక్క కుదిరింది.

మరుసటి ఏడు గట్టమ్మ ప్రైవేటుగా ఏడో తరగతి పరీక్షకు కట్టింది. లెక్కల్లో ఎనభై రెండు వచ్చాయి, ఇంగ్లీషులో అత్తెసరు మార్కులతో గట్టెక్కింది. మనోరమ జనగామకు బదిలీ అయ్యాక పదో తరగతికీ కట్టి, రెండోసారికి పాసైంది.