కొత్త సైకిల్‌కు వేయించిన కొక్కెం

నాకు రాయడం సరిగా రాదు. ఐదో తరగతి మధ్యలోనే బడి మాన్పించి మేకల వెంట పంపారు. ఒత్తు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ తీయాలో ఇప్పటికీ తడబడతాను. మా బిడ్డ దిద్దుతానంది గానీ దాని పరీక్షలు దానికున్నాయి. అందుకని ముందే చెబుతున్నాను, రాత బాగా లేకపోతే కోపం తెచ్చుకోకండి. మా ఆయన పాలు పోయడం ఎందుకు మానేశాడని ఎవరైనా అడిగితే సగం చెప్పి లేచి ఏదో పనిలో పడిపోతాను. రాస్తే చివరిదాకా చెప్పగలనేమో అనిపించింది.

మాది వికారాబాద్ దగ్గర గుట్ట కింద ఊరు. గొల్లవాళ్లం. మా మామ వయసులో ఉన్నప్పుడు గొర్రెలు కాశాడు. తర్వాత బర్రెలు వచ్చాయి. మా ఆయన తెల్లారేసరికి పాలు క్యాన్లలో పోసుకుని వికారాబాద్‌లో హోటళ్లకు వేసి వచ్చేవాడు. మోటారు బండి నేర్చుకోలేదు. మా అన్న ఒకసారి నేర్పబోతే తిన్నగా ముళ్లకంచెలోకి పోయాడు. మళ్లీ దాన్ని ముట్టలేదు.

ఆయన తొక్కేది మామ కొనుక్కున్న పాత నల్ల సైకిల్. పైపులు బరువు, మందం. పైపూ పైపూ కలిసేచోట తొడుగు ఉండి, అందులో ఇత్తడి కరగబోసి అతికించి ఉండేది. వంగితే సుత్తితో కొట్టి సరిచేసేవారు, పగిలితే వెల్డింగ్ పెట్టించేవారు. ఒంటి నిండా అతుకులే. అయినా ఎన్ని పాలు కట్టినా మోసేది. కానీ అది ఎక్కుడు రోడ్డు మీద మనిషి ప్రాణం తీసేది. గేర్లు లేవు. నిలబడి తొక్కాలి, లేదా దిగి నెట్టాలి. అట్లా తొక్కీ తొక్కీ మా ఆయన మోకాలు వాచింది. డాక్టర్ చూసి, ఇట్లనే తొక్కితే చిప్ప అరిగిపోతుంది, పాలు మానుకో అన్నాడు.

ఆ రోజు ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నాడు. "పాలు మానుకుంటే నాకేం పనొస్తదే?" అన్నాడు. ఆయనకు నిజంగానే ఇంకో పని రాదు.

ఆదివారాలు పట్నం నుంచి కొందరు గుట్ట మీద సైకిళ్లు తొక్కడానికి వస్తారు. అందులో ఒక సారు మా ఇంటి ముందు ఆగి చల్ల తాగేవాడు. వచ్చినప్పుడల్లా నల్ల సైకిల్ చుట్టూ తిరిగి, దాని తొడుగులు తడిమి చూసేవాడు. ఇట్లాంటివి ఇప్పుడు దొరకవు, బాగు చేయించి ఇంట్లో పెట్టుకుంటాను, ఇస్తారా అని అడిగేవాడు. మామ నవ్వి ఊరుకునేవాడు. మోకాలి సంగతి తెలిశాక సారు, "నాది తీసుకోండి, మీది నాకివ్వండి. ఇదీ స్టీలే. గేర్లున్నాయి, మోకాలికి ఇబ్బంది ఉండదు" అన్నాడు. మామ కొడుకు కాలు చూసి సరేనన్నాడు.

కొత్త సైకిల్ చూస్తే నాకు వింతగా ఉండేది. తొడుగులు లేవు. పైపుకు పైపు నేరుగా అతికించారు. పై పైపు వెనక్కి జారినట్టు ఏటవాలుగా ఉంది. ముందు చక్రం ఎక్కడో దూరంగా ఉంది. హ్యాండిల్ వెడల్పు, టైర్లు లావు. స్టాండు లేదు, క్యారియర్ లేదు, గంట కూడా లేదు. మా ఆయన ఒంటి చేత్తో ఎత్తాడు. అక్కడే మామకు అనుమానం వచ్చింది.

"స్టీలైతే గింత అల్కగ ఎట్లుంటదిరా? పాత రేడియోల మాగ్నెట్ ఉన్నది, తే."

"సారు అబద్ధమాడుతడా నాయినా?"

"ఆడడు. అయినా జూద్దాం."

మాగ్నెట్ పైపుకు ఠక్కున అంటుకుంది. మామ ముఖం విప్పారింది. "ఇగో, ఇనుమే. ఇనుమైతే వెల్డింగ్ పడుతది."

నేను ఊరుకోలేక, "నన్ను చూడనొచ్చినప్పుడు గూడ గిట్లనే మాగ్నెట్ పెట్టి చూసిండ్రా మామా?" అన్నాను.

"నీ నోటి దగ్గర పెడితే మాగ్నెటే బుగులుపడి ఊడి పడేది" అన్నాడు. అందరం నవ్వాం.

మాలో కొత్త సైకిల్ వస్తే పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ముందు వెల్డింగ్ దుకాణానికే తీసుకెళ్తారు. క్యాన్లు తగిలించే కొక్కేలు వేయించాకే తొక్కుతారు. సైకిల్ అంటే పాలు మోసేదని మా లెక్క. వెనక క్యారియర్‌ను పట్టీలతో బిగించారు. చాయ్ హోటల్‌కు వేసే చిన్న క్యాను కోసం మాత్రం, హ్యాండిల్ కింద నుంచి పెడల్ దాకా వచ్చే పొడుగు పైపు ఉంది కదా, దాని మధ్యలో కొక్కెం పెట్టించాడు మామ. సాయంత్రం మా ఆయన ఆ సంగతి చెప్పాడు. వెల్డింగ్ అతను, "పైపు మస్తు పల్చగున్నది పెద్దయ్యా, రాడ్ ఆనంగనే బొక్క పడ్డది" అన్నాడట. మామ, "బొక్క పడితే పూడ్చు. దీనికి ముందలి సైకిల్‌కు ఎన్ని పూడ్పియ్యలేదు" అన్నాడట.

కొన్ని నెలలు బాగానే గడిచాయి. ఎక్కుడులో కూడా కూర్చునే తొక్కుతున్నానని మా ఆయన చెబుతుంటే నాకు కడుపు నిండినట్టుండేది. మోకాలు వాపు తగ్గింది. బర్రెలకు ఇంకా గడ్డి కొనాలనీ, ఇంకో హోటల్ పట్టాలనీ మాట్లాడేవాడు. తర్వాత సైకిల్ కిర్రుమనడం మొదలైంది. చైను ఎండిందేమోనని నూనె వేశాడు. ఆ రోజుకు ఆగి, మర్నాడు మళ్లీ మొదలయ్యేది.

ఆ పొద్దున ఎక్కుడు ఎక్కి, అవతల దిగుతున్నాడు. క్యాన్లు నిండుగా ఉన్నాయి. మలుపులో బ్రేకు పట్టాడు. పొడుగు పైపు కొక్కెం పక్కనే రెండుగా తెగింది. ముందు చక్రం హ్యాండిల్‌తో సహా ఒక పక్కకు పోయింది. వెనక క్యాన్ల బరువు ఆయన మీద పడింది. మర్పల్లి వైపు పోయే ఆటో అతను చూసి ఎక్కించుకున్నాడు. నేను ఆసుపత్రికి పోయేసరికి ఆయన బట్టలు పాలతో తడిసి అట్టకట్టి ఉన్నాయి.

తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి ప్లేటు వేశారు. కర్రతో నడుస్తాడు, బరువు ఎత్తకూడదు, సైకిల్ ఇక లేదు అన్నారు.

సంగతి తెలిసి సారు మా ఇంటికి వచ్చాడు. విరిగిన పైపు చేతిలోకి తీసుకుని తెగినచోట చూశాడు. అది రేకు అంత పల్చగా ఉంది. "బరువు తగ్గించడానికి మధ్యలో ఇట్లా పల్చగా చేస్తారు. చివర్లలోనే మందం ఉంటుంది. గుట్టల మీద ఎగిరినా దూకినా తట్టుకుంటుంది గానీ, ఇక్కడ వెల్డింగ్ పడితే అంతే. నేను చెప్పాల్సింది" అన్నాడు.

మామ తల ఎత్తలేదు. "నువ్వు చెప్పినా నేను ఇనేటోన్ని గాదు సారూ. మాగ్నెట్ అంటుకున్నది గద."

"మీ సైకిల్ తెచ్చిచ్చేస్తాను."

"ఎవరు తొక్కాలె?" అన్నాడు మామ.

మా ఆయన మంచం మీద నుంచి, "ఎవ్వల తప్పు లేదు, ఊకోండ్రి" అన్నాడు. తప్పు ఎవరిదో నాకు ఇప్పటికీ తేలలేదు. కానీ లేదని మాత్రం నేను అనలేను.

కొన్నాళ్లు పాలు నేనే పిండి ఆటోలో పంపించాను. ఆటో ఒకరోజు వస్తే ఒకరోజు రాదు. హోటళ్ల వాళ్లు చూసి చూసి ప్యాకెట్ పాలకు మారారు. బర్రెలను యాలాల్ నుంచి వచ్చినవాళ్లు కొని తోలుకుపోయారు. అవి మలుపు తిరిగేదాకా మా ఆయన కర్ర పట్టుకుని నిలబడ్డాడు. మామ ఇంట్లోంచి బయటికి రాలేదు.

ఇప్పుడు తాండూరులో ఉంటున్నాం, మామ కూడా మాతోనే. మా అన్న బండలు పాలిష్ పట్టే చోట పని చేస్తాడు. అక్కడే మా ఆయనకు కాపలా పని ఇప్పించాడు. రోజంతా మిషన్ల చప్పుడు, తెల్లటి బురద. పనివాళ్లలో కన్నడం మాట్లాడేవాళ్లు ఎక్కువ. ఆయనకు అర్థం కాదు, కుర్చీలో ఊరికే కూర్చుంటాడు. అందరం ఒకే గదిలో ఉంటాం గానీ, మామకూ కొడుకుకూ మధ్య అన్నం తిన్నావా అన్నంత వరకే మాట.

తెల్లారకముందే నాకు మెలకువ వస్తుంది. పాలు పిండే వేళ అది. లేచి కూర్చుంటాను, చేయడానికి ఏమీ ఉండదు. పక్కకు చూస్తే ఆయన కూడా కళ్లు తెరిచే ఉంటాడు.

"పండుకో" అంటాడు. "లేసి ఏం జేస్తవ్?"

నాకు చేతనైనట్టు రాశాను. ఇందులో తప్పులు కనబడితే పెద్ద మనసుతో సరిచేసుకుని చదవండి, నన్ను క్షమించండి.