ముంజెకాయ చక్రాల ఫైరింజను

మా సండే స్కూలు టీచరమ్మగారు పోయారని పోయిన వారం పొద్దున్నే ఫోన్ వచ్చింది. రాజమండ్రిలో పిల్లల టిఫిన్ డబ్బాలు సర్దుతున్నాను. "టీచరమ్మగారు పోయారక్కా, నిద్రలోనే" అన్నాడు మా తమ్ముడు. తర్వాత కరపత్రంలో కూడా "ప్రభువునందు నిద్రించిరి" అనే వేశారు. ఆవిడ నిద్రపోతుండగా నేనెప్పుడూ చూడలేదు. ఎండాకాలం మధ్యాహ్నం పేటంతా కునుకు తీస్తుంటే ఆవిడ ఒక్కరే చర్చి వరండాలో కూర్చుని రంగు కాగితాలు కత్తిరిస్తుండేవారు. అందుకని ఆ మాట నమ్మడానికి నాకు కాస్త టైము పట్టింది.

మాది కొవ్వూరు దాటాక కాలవ గట్టు మీది ఊరు. చర్చి ఎదురుగా ఉన్న పెంకుటిల్లు మాది. చర్చి వెనక పేటలో అప్పట్లో అన్నీ తాటాకు ఇళ్ళే. టీచరమ్మగారు మామూలు రోజుల్లో ఎలిమెంటరీ స్కూల్లో పాఠాలు చెప్పేవారు. ఆదివారాలూ వేసవి సెలవులూ పేట పిల్లలవి. నేను డిగ్రీ పరీక్షలు రాసి రిజల్ట్స్ కోసం ఖాళీగా ఉన్న వేసవిలో "అమ్మాయ్, నీకు కత్తెర పట్టడం వచ్చా?" అని అడిగి, జవాబు వినకుండానే నన్ను పనిలోకి దింపారు. నాకు భక్తి కొంచెం తక్కువే. ఆవిడ కలిపే నిమ్మకాయ షర్బతు మీద మాత్రం పూర్తి నమ్మకం ఉండేది.

ఆవిడ అలవాట్లు రెండు మూడు చెప్పాలి. కత్తెరకి తాడు కట్టి మెళ్ళో వేసుకునేవారు, పిల్లల చేతికి దొరక్కుండా. కోపం వస్తే నాలుగేళ్ళ పిల్లాణ్ణయినా "మీరు" అనేవారు. "ఏవండీ, మీరు కాస్త బయటికి దయచేస్తారా?" అంటే వాడికి గుండె జారిపోయేది. ఇంకొకటి, ఆటైనా పాఠమైనా అయిపోయాక ఎక్కడివక్కడ పెట్టకుండా ఎవర్నీ ఇంటికి పంపేవారు కారు. "తీసిన చేతులే సర్దాలి" అనేది ఆవిడ మాట. ఆవిడ అనక్కర్లేకుండా పిల్లలే కోరస్‌గా అరిచేవారు. ఆవిడ నేర్పిన బైబిలు వాక్యాలు ఎందరికి గుర్తున్నాయో తెలీదు గానీ, ఈ మాట మాత్రం పేటలో ఎవర్నడిగినా చెబుతారు.

ఆ వేసవిలో పేట అంటుకుంది. మిట్టమధ్యాహ్నం, పైగా పడమటి గాలి. ఒక పొయ్యిలోంచి లేచిన నిప్పు చూరుకి తగిలి వరసగా ఇళ్ళు పోతున్నాయి. కొవ్వూరు నుంచి ఫైరింజను వచ్చేదాకా ఆగితే మిగిలేది బూడిదే. అలాంటప్పుడు మా వైపు చేసే పని ఒకటుంది. మంట రాబోయే ఇంటి కప్పు ముందే లాగి పారేస్తారు. మధ్యలో ఖాళీ వస్తే నిప్పు అక్కడితో ఆగుతుంది. మా బడికొచ్చే బాబీ అనే పిల్లాడి నాన్న ముందుండి పక్కింటి కప్పు పీకించాడు. అది మా బడిపిల్లే, రూతు వాళ్ళిల్లు. మంట అక్కడ ఆగింది. బాబీ వాళ్ళిల్లూ, వెనక వరసంతా దక్కాయి.

కాలిన ఇళ్ళవాళ్ళకి సాయం వచ్చింది. రూతు వాళ్ళది కాలలేదు కదా, పీకిందే. అందుకని సాయం లిస్టులో వాళ్ళ పేరు ఎక్కలేదు. గోడలున్నాయి, వాసాలున్నాయి, పైన ఆకాశం. "పీకినోడే వచ్చి కప్పాలి" అన్నాడు రూతు నాన్న. "పీకబట్టే పేట మిగిలింది. నేనేదో తప్పు చేసినట్టు మాట్టాడతాడేంటి?" అన్నాడు బాబీ నాన్న. ఇద్దరి మాటల్లోనూ నిజం ఉంది, అందుకే తెగలేదు. రెండిళ్ళ వాళ్ళు బోరింగు దగ్గర కూడా ఎడమొహం పెడమొహంగా నిలబడేవారు. వానలు దగ్గరపడుతున్నాయి. రూతు క్లాసులో మాట్లాడటం మానేసింది.

ప్రతి ఏడూ సెలవుల బడి ఆఖరి రోజున పిల్లలకి పార్టీ ఉంటుంది. ఆ ఏడు టీచరమ్మగారు ఫైరింజను పార్టీ అన్నారు. సంఘపెద్దగారు చర్చి మెట్ల మీదే ఆపేశారు.

"ఇళ్ళు కాలి జనం ఏడుస్తుంటే ఫైరింజను ఆటలేంటండీ?"

"ఏడ్చేది పెద్దోళ్ళండి. పిల్లలు అప్పుడే సందులో ఆ ఆట ఆడేస్తున్నారు. ఎలాగూ ఆడేదే, పక్కన మనం కూడా ఉంటే మంచిది కదండీ?"

"ఏదైనా తేడా వస్తే మీదే పూచీ."

"అలాగేనండి" అన్నారావిడ, షర్బతు అడిగినంత తేలిగ్గా.

పార్టీకి మేము కొన్నది ఎర్ర గ్లేజు కాగితం, బూందీ మాత్రమే. అరటి బోదెలు కోసి ఫైరింజన్లు చేశాం. ముందు ముంజెలు తినేసి, ఆ కాయలకి పుల్ల గుచ్చి చక్రాలు బిగించాం. బొప్పాయి ఆకు కాడలు నీళ్ళ గొట్టాలయ్యాయి. పాత కేలండర్లు తిరగేసి టోపీలు మడిచాం. గంటకి స్కూల్ గంటే తెచ్చారావిడ. పిల్లలు ఎవరిల్లు వాళ్ళు తాటాకు ముక్కలతో, కొబ్బరి పుల్లలతో కట్టి, చర్చి ముందు ఇసకలో పేట వరస ప్రకారం నిలబెట్టారు. రూతు తన బొమ్మరింటికి అందరికంటే ఎక్కువ ఆకు కప్పింది.

ఆట తేలికే. ఒక ఇంటి మీద ఎర్ర కాగితం పెడతాం, అదే మంట. బోరింగు దగ్గర్నుంచి వరసగా నిలబడి కొబ్బరి చిప్పల్లో నీళ్ళు అందించుకోవాలి. తడిసి ఎరుపు కారిపోతే మంట ఆరినట్టు. నేను గంట కొట్టాను. టీచరమ్మగారు కాగితం పెట్టింది రూతు ఇంటికి అవతల, నిజంగా కాలిన ఇంటి మీద.

నీళ్ళ వరసలో ఒక్కడూ నిలబడలేదు. "పీకండ్రా, పీకండి!" అని అరుస్తూ అందరూ రూతు ఇంటి మీదికి పరిగెత్తారు. వాళ్ళు చూసింది అదే కదా. బాబీ ముందున్నాడు. రూతు కింద కూర్చుని రెండు చేతులూ బొమ్మరింటి మీద అడ్డం పెట్టేసింది. అందరూ ఆగిపోయారు. మా పార్టీ అయిపోయింది, సంఘపెద్దగారు గెలిచారు అనుకున్నాను. పిల్లల్ని తీసుకెళ్ళడానికి వచ్చిన పెద్దవాళ్ళు ప్రహరీ అవతల నిలబడి ఉన్నారు. వాళ్ళలో బాబీ నాన్న ఉన్నాడు. రూతు నాన్న కూడా ఉన్నాడు, కొంచెం ఎడంగా.

టీచరమ్మగారు వెళ్ళి ఇసకలో చతికిలబడ్డారు.

"ఎందుకు పీకుతున్నావురా?" అనడిగారు బాబీని. "మీరు" అనలేదు, కాబట్టి కోపం లేదని నాకర్థమైంది.

"పీక్కపోతే మా ఇల్లు అంటుకుంటాదండి."

"నిజమే. నువ్వెందుకు పట్టుకున్నావే అమ్మా?"

రూతు చేతులు తియ్యలేదు. "పీకేత్తారండి. మళ్ళా ఎవరూ కప్పరండి" అంది.

టీచరమ్మగారు క్లాసులో అడిగినట్టే అడిగారు. "మన బళ్ళో మాట ఏంటి?"

"తీసిన చేతులే సర్దాలి" అన్నారు పిల్లలు, అలవాటు కొద్దీ.

బాబీ తన చేతులకేసి చూసుకున్నాడు. "నేను కప్పేత్తాను లేవే" అన్నాడు. రూతు ఒక చెయ్యి తీసింది. కాసేపాగి రెండోది తీసింది. వాడు కప్పు లాగేశాడు, మిగతావాళ్ళు బోరింగుకి పరిగెత్తారు, ఎరుపంతా ఇసకలోకి కారిపోయింది. తర్వాత బాబీ మోకాళ్ళ మీద కూర్చుని ఆకు కప్పడం మొదలెట్టాడు. పని వంకరగా ఉంది. "కింద నుంచి పైకి కప్పాలి. ఇలాగైతే నీళ్ళు లోపలికి కారతాయి" అంది రూతు. వారాల తర్వాత దాని నోట వచ్చిన పెద్ద మాట అదే. ప్రహరీ అవతల నుంచి ఇద్దరి నాన్నలూ అదంతా చూశారు. మేం బూందీ పంచాం.

తొలకరికి ముందే ఒక పొద్దున బాబీ నాన్న బండెడు తాటాకు తోలుకొచ్చి రూతు వాళ్ళ వాకిట్లో దింపాడు. మంటలప్పుడు ఆ కప్పు పీకినవాళ్ళంతా వెనకే వచ్చారు. క్షమాపణలూ కౌగిలింతలూ ఏమీ లేవు. బాబీ నాన్న పైకెక్కాడు, రూతు నాన్న కింద నిలబడ్డాడు. "ఇటందించు" అన్నాడు పైన ఉన్నవాడు. కిందవాడు అందించాడు. సాయంత్రానికి కప్పు పడింది.

"ఇదంతా ముందే అనుకునే ఆ ఇంటి మీద కాగితం పెట్టారా?" అని తర్వాత అడిగాను. ఆవిడ నవ్వేశారు. "నాకేం తెలుసు అమ్మాయ్, నేననుకున్నది నీళ్ళాట. ఆట మనం చెబుతాం, ఆడేది మాత్రం వాళ్ళు చూసినదే." అది నిజమో కాదో నాకిప్పటికీ తెలీదు. ఇక అడగడానికీ లేదు. ఆవిడ దగ్గర ఒక వేసవి పనిచేసినందుకు నాకు సంతోషంగా ఉంది, ఆ మాట ఆవిడతో అనలేదు.

భూస్థాపనకి వెళ్ళాను. జనం ఎక్కువయ్యారని చర్చిలో బల్లలన్నీ బయట షామియానా కిందికి మోయించారు. సమాధి పూడ్చి వచ్చాక, ఎండ మండిపోతోందని అందరూ తలో దారిన వెళ్ళిపోయారు. నేను ఆటో కోసం గేటు దగ్గర నిలబడ్డాను. వెనక్కి తిరిగి చూస్తే షామియానా కింద ఇద్దరే మిగిలారు. బాబీ ఇప్పుడు రావులపాలెంలో అరటి గెలల లోడింగు చూస్తున్నాడు. రూతు కొవ్వూరులో నర్సు. పొద్దున బల్లలు బయటికి మోసిన వాళ్ళలో ఇద్దరూ ఉన్నారట. ఆ చివర అతను, ఈ చివర ఆమె, ఒక్కో బల్లా ఎత్తి లోపలికి తీసుకెళ్ళి వరసలో పెట్టి, ఇంకోదాని కోసం మళ్ళీ ఎండలోకి వస్తున్నారు.