అబాయా కింద ఆరు గుండ్లు

మా యజమానురాలు మామా ఒక రివాల్వర్‌ను తువ్వాలులో చుట్టి తెచ్చి, నేను పిండి కలుపుతున్న బల్ల మీద పెట్టింది. ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చి అప్పటికి రెండో వారం.

"ఇది నా భర్తది. రేపటి నుంచి ఖుబ్బూస్ రొట్టెలు తేవడానికి వెళ్ళేటప్పుడు నడుముకు కట్టుకుని వెళ్ళు," అంది.

పిండి చేతులతో అలాగే నిలబడిపోయాను. కడప జిల్లా నుంచి ఇంటిపనికి వచ్చి మూడేళ్ళయింది నాకు. తుపాకిని అంత దగ్గర నుంచి చూడటం అదే మొదటిసారి. నల్లగా, కురచగా, అరచేతికి కాస్త ఎక్కువగా ఉంది.

ఇంట్లో మిగిలింది ముగ్గురం ఆడవాళ్ళం. మామా, అంటే అమ్మా, అని నేను పిలిచే యజమానురాలికి అరవై దాటాయి, చక్కెర జబ్బు. ఆమె కూతురికి ఎనిమిదో నెల. మూడోదాన్ని నేను. నాకు వీసా ఇచ్చి తెచ్చుకున్న కఫీల్ మామా కొడుకే. భార్యాపిల్లలతో వేసవి సెలవులకు ఈజిప్టు వెళ్ళి అక్కడే చిక్కుపడిపోయాడు. సైన్యంలో పనిచేసే అల్లుడు దాడి జరిగిన ఉదయం డ్యూటీకి వెళ్ళి తిరిగి రాలేదు. బతికున్నాడో లేదో తెలియదు. డ్రైవరు మూడో రోజే సౌదీ సరిహద్దు వైపు వెళ్ళిపోయాడు.

ఫర్వానియాలో మా ఇంటికి రెండిళ్ళ అవతల సైనికులు గేటు విరగ్గొట్టి లోపలికి పోయారు. టీవీలూ తివాచీలూ లారీకెత్తారు. ఆ ఇంట్లో పనిచేసే శ్రీలంక అమ్మాయిని కూడా ఎక్కించుకుపోయారు. చెత్త పారబోసే వేళ మేమిద్దరం గేటు దగ్గర నిలబడి వచ్చీరాని అరబ్బీలో కబుర్లు చెప్పుకునేవాళ్ళం. నాలుగు రోజులకు తిరిగి వచ్చింది. పలకరిస్తే నా ముఖం చూసి లోపలికి వెళ్ళిపోయింది. మామా తుపాకి బయటకు తీసింది అది చూశాకే.

"దారిలో సైనికులు ఆడవాళ్ళ ఒంటి మీద చెయ్యి వేసి వెతకడం లేదు. పైన వేసుకునే నల్ల అబాయా కింద ఏముందో ఎవరు చూస్తారు?" అంది మామా.

"దొరికితే?"

"దొరకదు."

ఆయుధం దొరికితే ఆ ఇంటివాళ్ళను వాకిట్లోనే కాల్చేస్తారని వీధంతా చెప్పుకుంటున్నారు. ఆ సంగతి ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

దజీజ్‌లో ఒక గోడౌన్‌కు కాపలా ఉండే మనిషి ఒకాయన మాకు బియ్యం తెచ్చి ఇచ్చేవాడు. రాయచోటి దగ్గర ఊరు. మన మిలిటరీలో పదిహేనేళ్ళు చేసి, అక్కడ ఆయుధాల గది చూసుకుని వచ్చినవాడు. నన్ను చెల్లెలి లెక్కన చూసేవాడు, నేనూ అన్నా అనేదాన్ని. "కట్టుకుంటాను మామా. ముందు ఆయనకొకసారి చూపిద్దాం," అన్నాను. మామా ఒప్పుకుంది.

మర్నాడు సైకిల్ మీద బియ్యం వేసుకుని వచ్చాడు. తువ్వాలు విప్పగానే అన్న ముఖం మారిపోయింది. వెళ్ళి వంటింటి తలుపు గడియ పెట్టాడు.

"యాడిది మ్మా ఇది?"

"పెద్దాయనదంట. పనికొస్తాదో రాదో సూడన్నా."

పక్కనున్న మీట నొక్కి, గుండ్లు పెట్టే చక్రాన్ని బయటకు తోశాడు. ఆరు గుండ్లు బల్ల మీద రాలాయి. ఒక్కొక్కటీ కిటికీ వెలుతురులో తిప్పి చూశాడు. రెండింటి ఇత్తడి మీద ఆకుపచ్చగా చిలుం పట్టి ఉంది.

"మాగ్నమ్ ఇది. మామూలు గుండు గాదు, మందు ఎక్కువ పట్టే పొడుగు గుండు. తుపాకేమో దాచుకోడానికని కురచగా చేసినారు. పేలిస్తే చెయ్యి ఎగరగొడ్తాది. మొదటి గుండు తగల్లేదా, రెండోది యాడికి పోతాదో నీకే తెలీదు. ఇంత గదిలో పేల్చినావంటే చెవులు పనిజెయ్యవు." చిలుం పట్టినవి పక్కకు పెట్టాడు. "ఇవి పేలితే పేల్తాయి, ల్యాకుంటే ల్యా."

ఖాళీ తుపాకి నా చేతికిచ్చి గోడ వైపు తిప్పి లాగమన్నాడు. ముప్పావు కేజీకి పైనే ఉంటుంది. ఒక వేలితో లాగితే పేల్చే మీట కదల్లేదు. రెండు వేళ్ళూ పెట్టి లాగితే ముందు గొట్టం నేలను చూసింది, తర్వాత టక్కుమంది.

"ఈ వెనక సుత్తిని బొటనవేలితో లాగిపెడితే తేలిగ్గా పేల్తాది," అని చూపించాడు. "కానీ అట్లా పెట్టినాక నీ ఏలు ఒణికినా పేల్తాది. అది మాత్రం చెయ్యాకు."

మామా దిండుగలేబు కత్తిరించి, నడుముకు కట్టుకునే సంచి కుట్టి ఉంచింది. అన్న గోడ వైపు తిరిగి నిలబడితే కట్టుకున్నాను. కుడిపక్కన పెడితే నడుస్తుంటే తుంటెముకకు కొట్టుకుంటోంది, అబాయా ఆ పక్కన ఎత్తుగా లేస్తోంది. పొట్ట ముందు పెడితే నిలబడినంతసేపు బాగానే ఉంది, వంగితే పిడి డొక్కలో గుచ్చుకుంటోంది. చివరికి పొట్ట మీద కాస్త ఎడమ పక్కకు, గొట్టం తొడ వైపుండేలా పెట్టాం. పైన అబాయా వేసుకుంటే ఏమీ తెలియలేదు. మామా నా చుట్టూ తిరిగి చూసి తల ఊపింది.

అన్న వెళ్ళి ఫ్రిజ్ దగ్గర నిలబడ్డాడు. "నేను సైనికుడ్ని. వస్తాండా నీ మీదికి. తియ్యి."

తీయబోయాను. అబాయా మడతలో చెయ్యి చిక్కుకుంది. రెండోసారి సంచి మూత అడ్డం వచ్చింది. మూడోసారి పిడి చేతికందేసరికి ఆయన నా మణికట్టు పట్టేసుకున్నాడు.

"నాలుగడుగులే ఏసినా. నీ చెయ్యి ఇంకా గుడ్డలోనే ఉండాది. వాళ్ళ చేతిలో ఉండేది ఏంది? ఎంతమంది ఉంటారు?" అన్నాడు. తర్వాత మామా వైపు తిరిగి తనకొచ్చిన అరబ్బీలో, "తుపాకి మంచిదే మామా. ఈ పిల్లకు మంచిది కాదు," అన్నాడు.

"పనిచేస్తుందా లేదా అనే అడిగాను నిన్ను," అంది మామా.

అన్న మంచివి నాలుగూ, చిలుం తుడిచి ఆ రెండూ మళ్ళీ చక్రంలో పెట్టి, తుపాకి నా చేతికిచ్చి వెళ్ళిపోయాడు.

ఐదు రోజులు కట్టుకుని తిరిగాను. రొట్టెల కొట్టు ముందు పొద్దున్నే వరస మొదలయ్యేది. ఆగస్టు ఎండకు సంచి తడిసి, ఇనుము వేడెక్కి, పొట్ట మీద చర్మం పొక్కిపోయింది. అంతకుముందు నేను తలవంచుకుని నడిచిపోతే ఎవరూ పట్టించుకునేవారు కాదు. ఇప్పుడు నా నడకే మారింది. కుడిచెయ్యి నాకు తెలియకుండానే అబాయా లోపలికి పోయేది. వరసలో నా వెనకున్న ఆమె, "కడుపునొప్పా అమ్మా?" అని అడిగింది. అందరూ నా పొట్టనే చూస్తున్నారనిపించేది. సైనికులను చూస్తే కలిగే భయం వాళ్ళు దాటిపోతే పోయేది. ఒంటికి కట్టుకున్న ఈ భయం మాత్రం ఇల్లు చేరేదాకా పోయేది కాదు.

ఆరో రోజు రొట్టెలు తీసుకుని వస్తున్నాను. సందు మలుపులో ఆగి ఉన్న బస్సు నీడలోంచి ఒక సైనికుడు లేచి అడ్డం వచ్చాడు. యాభై ఏళ్ళుంటాయి. నెరిసిన మీసం, ఒంటికి వదులైన యూనిఫాం, కాళ్ళకు చెప్పులు, భుజాన తుపాకి. "ఇటు రా," అని చెయ్యి చాపాడు.

నా చెయ్యి లోపలికి పోయింది. ఈసారి ఎక్కడా చిక్కుకోలేదు. పిడి దొరికింది. బొటనవేలు సుత్తి మీదికి వెళ్ళడం, దాన్ని వెనక్కి లాగడం నేను అనుకుని చేసిన పని కాదు. అబాయా కింద టిక్కుమన్న చప్పుడు విన్నాకే తెలిసింది, ఏం చేశానో.

అతను నా చంకలోని రొట్టెల మూట వైపు చూపించాడు. "నిన్నటి నుంచి ఏమీ తినలేదు," అన్నాడు.

ఎడమచేత్తో మూట మొత్తం ఇచ్చేశాను. అతను రెండు రొట్టెలు తీసుకుని, మిగతావి జాగ్రత్తగా మడిచి నా చంకలో పెట్టాడు. "దేవుడు నీకు మేలు చేస్తాడు బింతి," అన్నాడు. బింతి అంటే నా బిడ్డా అని. మామా కూడా నన్ను అలాగే పిలిచేది. అతను బస్సు నీడలోకి వెళ్ళి కూర్చుని తినడం మొదలుపెట్టాడు.

నేను కదల్లేకపోయాను. సుత్తి లేచి ఉంది. దాన్ని ఎలా దించాలో అన్న చెప్పలేదు, చెయ్యొద్దని మాత్రమే చెప్పాడు. గొట్టం నా ఎడమ తొడ మీద ఆని ఉంది. వదిలేస్తే పేలుతుందేమో, తీద్దామంటే వీధి. మీట మీద వేలు లేకుండా చూసుకుని, బొటనవేలితో సుత్తిని అలాగే అదిమిపట్టి నడిచాను. ఇంటికి పావుగంట దారి. ఎదురైన ప్రతి గతుకునూ చూసుకుంటూ, కొత్తగా కుట్లు పడిన మనిషిలా నడిచాను. రొట్టెలు ఎక్కడ జారిపోయాయో తెలియదు.

వంటింట్లో గోడకానుకుని కింద కూలబడ్డాను. "మామా, నన్ను ముట్టుకోవద్దు. అన్నకు ఫోన్ చెయ్యి," అన్నాను. ఊళ్ళో ఫోన్లు ఇంకా పనిచేస్తున్నాయి. మామా ఫోన్ చేసి, కూతుర్ని చివరి గదిలోకి పంపింది. నువ్వూ వెళ్ళమని బతిమాలాను. వెళ్ళలేదు. నా ఎదురుగా నేల మీద కూర్చుని, గ్లాసు నా నోటికి పెట్టి నీళ్ళు తాగించింది. ముఖం మీద చెమట తన ముసుగు కొంగుతో తుడిచింది. బొటనవేలు మొద్దుబారి, అసలు ఉందో లేదో తెలియడం లేదు నాకు.

నలభై నిమిషాలకు అన్న వచ్చాడు. అబాయా కత్తిరించి, తన వేలు సుత్తికీ తుపాకికీ మధ్య పెట్టి, "ఇంగ నువ్వు వొదలొచ్చు చెల్లా," అన్నాడు. వదలడం నాకు చేతకాలేదు. నా వేళ్ళు ఒక్కొక్కటే ఆయనే విప్పాడు.

గుండ్లు తీసేసి తుపాకి బల్ల మీద పెట్టాక మామా దాన్ని చేతిలోకి తీసుకుంది. గోడ వైపు పెట్టి లాగింది. కీళ్ళవాపుతో ఉబ్బిన వేలు మీటను కదిలించలేకపోయింది. రెండు చేతులూ పెట్టి లాగింది. అప్పుడూ కదల్లేదు.

"ఆయన పోయి తొమ్మిదేళ్ళు. ఇది అలమారాలో ఉందన్న ధైర్యంతోనే పడుకున్నాను," అంది. కాసేపు నవ్వింది, తర్వాత ఏడ్చింది. తర్వాత అన్న వైపు చూసి, "ఖలాస్, ఇక చాలు. దీన్ని ఇంట్లో లేకుండా చెయ్యి," అంది.

పెరట్లో మెట్టు బాగుచేయడానికి తెచ్చిన సిమెంటు అర బస్తా మిగిలి ఉంది. గుండ్లు మురుగుగుంటలో వేసి, తుపాకిని విరిగిన మెట్టు సందులో పెట్టి అన్న సిమెంటు పోశాడు. నేను నీళ్ళు అందించాను, ఎడమచేత్తో.

మరుసటి వారం నలుగురు సైనికులు ఇల్లు వెతకడానికి వచ్చారు. బియ్యం నేల మీద కుమ్మరించారు, పరుపులు చీల్చారు. ఒకడు పెరటి మెట్టు మీద కూర్చుని నీళ్ళడిగితే తెచ్చిచ్చాను. టీవీ, రేడియో, మామా చేతి గడియారం తీసుకుని వెళ్ళిపోయారు. మా ముగ్గురినీ ముట్టుకోలేదు. మా వీధిలో అందరికీ ఆ అదృష్టం పట్టలేదు.

మనవాళ్ళను బస్సుల్లో బాగ్దాద్ మీదుగా జోర్డాన్ చేర్చి, అక్కడి నుంచి విమానాల్లో పంపుతున్నారని కబురొచ్చింది. మామా కూతురి కాన్పయ్యేదాకా ఉంటానన్నాను. ఆడపిల్ల పుట్టింది. పిల్లకు ఇరవై రోజులు నిండాక, అన్న ఎక్కిన బస్సే నేనూ ఎక్కాను. మామా తన కొడుకు సొరుగు పగలగొట్టి నా పాస్‌పోర్టు తీసిచ్చింది. గేటు దాకా వచ్చి, "యల్లా, వెళ్ళు, నేను ఏడవకముందే వెళ్ళు," అంది.

యుద్ధం ముగిశాక అల్లుడు చెరలోంచి బతికి వచ్చాడని కఫీల్ ఉత్తరం రాయించాడు, దాంతోపాటే వీసా పంపాడు. ఊళ్ళో వద్దన్నారు. అయినా వెళ్ళాను. నేను వెళ్ళేసరికి పిల్లకు నడక వచ్చింది. నన్ను చూసి ఏడ్చి అమ్మమ్మ వెనక దాక్కుంది. అలవాటు కావడానికి నాలుగు రోజులు పట్టింది.