గెడ పట్టిన చెయ్యి

2003 నాటికి నేను అమలాపురంలో ఫిజియోథెరపీ క్లినిక్ పెట్టి నాలుగేళ్లయింది. ఫిజియోథెరపీ అంటే నూనె రాసి ఒళ్లు పట్టడమే అనుకునేవారు అప్పటికింకా చాలామంది. అందుకే కాకినాడ నుంచి ఒక నరాల డాక్టరుగారు చీటీ రాసి మరీ పేషెంటును పంపిస్తే, ఆ చీటీని రెండుసార్లు చదువుకున్నాను.

వచ్చినాయన సత్యనారాయణగారు, కొత్తపేట దగ్గరి ఊరు. దుబాయ్‌లో ఒక గోల్ఫ్ మైదానంలో పన్నెండేళ్లుగా గడ్డి కోసే మిషను నడుపుతున్నారు. సెలవు రోజున పనివాళ్లనూ ఆడుకోనిస్తారట, అలా ఆట పట్టుబడింది. ఏడాదిగా పట్టింగ్‌లో, అంటే బంతిని మెల్లగా గుంటలోకి తోసే దెబ్బలో, కుడి మణికట్టు తనంతట తానే ఎగిరిపడుతోంది.

చీటీలో ఫోకల్ డిస్టోనియా అని ఉంది. ఏళ్ల తరబడి చేసిన ఒకే కదలికకు మెదడు తప్పుడు ఆజ్ఞ ఇవ్వడం అది. ఆ ఒక్క పనికి తప్ప చెయ్యి బాగానే ఉంటుంది. డాక్టరుగారు ఈ సంగతి చెప్పినా ఆయన నమ్మలేదు. తండ్రి వణుకుడు జబ్బుతో పోయారు మరి.

"ఆయనకీ చేతితోనే మొదలైందండి. మిషను మీదుండగా వచ్చేస్తే ఎలాగండి? ఇంక రానని అక్కడ చెప్పేద్దామనుకుంటున్నానండి," అన్నారు.

పది రోజులు మైనం కాపడం పెట్టాను, వ్యాయామాలు చేయించాను. క్లినిక్‌లో ఆ చెయ్యి ఒక్కసారీ ఎగరలేదు. నాకేమో చిరాకు, ఆయనకేమో అనుమానం. ఆడే కర్ర చూపించమని అడగాలన్న బుద్ధి నాకు పదకొండో రోజుకు గానీ పుట్టలేదు. నాలుగేళ్ల అనుభవం అని విర్రవీగినదాన్ని. కర్ర బస్సులో తేవడానికి ఆయనకు సిగ్గు. ఊళ్లో అప్పటికే దొరగారి కర్ర అని ఆటపట్టిస్తున్నారట. సరే, ఆదివారం నేనే వస్తానన్నాను.

కొబ్బరి తోటలో చాప మేర గడ్డి నున్నగా కత్తిరించి, మధ్యలో స్టీలు గ్లాసు పాతి పెట్టుకున్నారు. ఐదుసార్లు ఆడితే నాలుగుసార్లు మణికట్టు ఎగిరింది, బంతి వెళ్లి బోదె కాలువలో పడింది. ఆయన మొహం చూడలేకపోయాను. ఇంతలో వాళ్లావిడ, మేడమ్‌గారు ఎండన పడి వచ్చేరు, రెండు బొండాలు దింపమని కేకేసింది.

ఆయన కత్తి కట్టిన గెడ తీసుకుని పొట్టి చెట్టు కిందకు వెళ్లారు. అంత పొడవు వెదురు, చివర కత్తి తొడిమ మీద కచ్చితంగా ఆనింది. మణికట్టు ఇసుమంతైనా కదల్లేదు. కుడి చెయ్యి పైన, ఎడమ చెయ్యి కింద. గోల్ఫ్ కర్రను పట్టింది దీనికి సరిగ్గా తిరగేసి.

బొండాం నీళ్లు తర్వాత తాగుతానని, ముందు ఆ కర్రను గెడ పట్టినట్టు పట్టమన్నాను.

"అలా ఎవరూ పట్టరండి."

"మీ చెయ్యి పడుతోంది కదండీ. పట్టండి."

మొదటి బంతి పక్కకు పోయింది, కానీ చెయ్యి ఎగరలేదు. మూడోది గ్లాసులో ఠంగుమని పడింది. ఆయన బంతి వైపు చూడలేదు, తన చేతినే చూసుకుంటూ నిలబడ్డారు.

"మా నాన్నగారికి గెడ పట్టినా వణికేదండి," అన్నారు చివరికి. "నాకు వణకలేదు."

పెద్ద డాక్టరుగారి మాటతో పోని భయం ఆ గెడతో పోయింది. జబ్బు పూర్తిగా నయం చేశానని చెప్పను. పాత పట్టు పడితే ఇప్పటికీ ఎగురుతుంది. కొత్త పట్టుకు మెదడు కొత్త ఆజ్ఞ నేర్చుకోవాలి, దాన్ని మూడు వారాలు దగ్గరుండి నేర్పించాను. సెలవు అయిపోగానే ఆయన విమానం ఎక్కారు.

ఆనాటి నుంచి చేతి బాధతో ఎవరొచ్చినా, టైలరైనా తాపీమేస్త్రీ అయినా, పనిముట్టు తెచ్చుకోమంటాను. తేలేకపోతే నేనే వెళ్తాను.

మరుసటి సెలవుకు వచ్చినప్పుడు సత్యనారాయణగారు చెప్పారు, అక్కడ ఇదే బాధ ఉన్న ఇద్దరు తోటివాళ్లకు తానే పట్టు మార్పించారట. ఇదెక్కడ నేర్చుకున్నావని వాళ్లు అడిగారట. ఏం చెప్పారన్నాను.

"కోనసీమలో బొండాలు ఇలాగే దింపుతామని చెప్పేనండి. మా మేడమ్‌గారు కనిపెట్టేరని కూడా చెప్పేనండి. ఆయ్."