గిర్నిని తిన్న రవ్వ

బేరమాడకుండా ఏదైనా కొంటే మా ఇంట్లో జ్వరమొచ్చిందేమోనని నుదురు ముట్టి చూస్తారు. జనగామలో మాది కిరాణా దుకాణం, పక్కనే బాపు నడిపే పిండి గిర్ని. అందుకే, సిరామిక్స్ మీద పరిశోధన చేస్తున్న మా మేనకోడలు సిలికాన్ కార్బైడ్ పొడి కొనే పని నాకు అప్పగించింది. దాన్ని బిళ్లలుగా అదిమి కాల్చాలి. కాలేజీ కొలిమిలో ఆమె వంతు సోమవారం. అది తప్పితే చదువు ఆరు నెలలు వెనక్కి పోతుంది.

"అసలు ఏందది?" అని అడిగాను.

"ఇసుక, బొగ్గు కలిపి కరెంటుతోని మస్తు వేడి చేస్తరు మామా. గడ్డలైతది. దాన్ని దంచి జల్లెడ పడ్తరు."

ఇసుక ఏ వాగులోనైనా ఉంది, బొగ్గు భూపాలపల్లిలో ఉంది. దీనికింత ధరా అనుకుంటూ శుక్రవారం హైదరాబాద్ పోయాను. మెత్తటి పొడి ధరలో నాలుగో వంతుకే బరక రవ్వ దొరుకుతోంది. సరుకు ఒకటే. సొంత గిర్ని ఉన్నవాడు పొడి పట్టించిన కూలి కడతాడా? రవ్వే కొన్నాను. మీద రెండు గుప్పిళ్లు కొసరు కూడా వేయించుకున్నాను.

మర్నాడు పొద్దున బాపు చాయ్‌కి పోగానే గిర్నిలో పోశాను. అది పెట్టిన కీచుకు బాపు చాయ్ వదిలేసి వచ్చి రాయి విప్పాడు. గింజ నలగడానికి దాని మీద కొట్టించిన గాట్లన్నీ నున్నగా అరిగిపోయాయి.

"రాళ్లు గింజల్ని నూరాలె గని, గింజలు రాళ్లను నూరుడేంది బిడ్డా?"

పొడి తీసుకుపోదామని వచ్చిన మేనకోడలు దాన్ని వేళ్ల మధ్య నలిపి చూసింది. "వజ్రం కన్న జర తక్కువ గట్టిది మామా గిది. గిండ్ల సగం తాత గిర్ని రాయే ఉన్నది."

"అయితే బరువు పెరిగినట్టే గదా."

ఆమె నవ్వలేదు. "ఇంక బరకగనే ఉన్నది. బరకది ఒకదానికొకటి అతుక్కోదు. మెత్తగుంటెనే అతుకుతది. ఎల్లుండి కొలిమిల ఏం పెట్టాలె నేను?"

మధ్యాహ్నం బండికే మళ్లీ హైదరాబాద్ పోయాను. మెత్తటి పొడికి నిన్నటి దుకాణదారుడు చెప్పిన ధర చెప్పినట్టు తీసిచ్చాను. అతనికి అనుమానమొచ్చింది.

"ఏందన్నా, నిన్నటి లెక్క కొట్లాడుతలేవు?" అంటూ తనే తగ్గించబోయాడు. తగ్గిస్తే సరుకు మారుస్తాడేమోనని భయపడి, జీవితంలో మొదటిసారి వద్దన్నాను.

సోమవారం బిళ్లలు కొలిమిలోకి వెళ్లాయి. వారం చివర ఒకటి తెచ్చి నా అరచేతిలో పెట్టింది. చెంచాతో కొడితే ఖంగుమంది. కానీ అదిమినప్పటి కన్నా చుట్టుకొలత తగ్గింది.

"గంత పెడితే గింతే ఇచ్చిందా నీ కొలిమి? మిగిలింది ఎవరు తిన్నరు?"

"చిన్నగైతెనే గట్టిపడ్డట్టు మామా. దీంతోని బేరం పెట్టకు," అని బిళ్ల లాక్కుంది.